మామయ్య రిగ్ ఫ్రీక్వెన్సీని తెలుగులో పలకాలి: సీరియల్ డేటా చదివే సొంత ప్రోగ్రామ్‌కి సాయం కావాలి

ఉప్పుటేరు | కాకినాడ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా మామయ్య దాదాపు నలభై ఏళ్లుగా హామ్, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడేవారు. నీటికాసుల వల్ల రెండేళ్ల క్రితం చూపు పోయింది. ఆయన చెవి మాత్రం ఎప్పటిలాగే ఉంది, 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాల్లో) ఎవరు పలికినా గొంతు బట్టే గుర్తుపడతారు. ఇబ్బందల్లా డయల్ ఎక్కడుందో తెలియకపోవడమే. అత్తయ్య పక్కన కూర్చుని డిస్‌ప్లే చదివి చెబుతుంది. ఆవిడ ఇంట్లో లేకపోతే ఆయన రిగ్ (రేడియో సెట్టు) ఆన్ చేయడం మానేశారు. నాకు బాధ కలిగింది అక్కడే.

రిగ్ ఐకామ్ ఐసీ-718. దానికి యూటీ-102 అని ఫ్రీక్వెన్సీ చదివే బోర్డు ఉంది గానీ అది పలికేది ఇంగ్లిషు, జపనీస్. మామయ్యకి తెలుగులో వినాలని ఉంది. అందుకే రిగ్ వెనక ఉన్న రిమోట్ జాక్‌కి ఒక యూఎస్‌బీ కేబుల్ పెట్టి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో పైథాన్‌తో చదవాలని కూర్చున్నాను. సీరియల్ పని నాకు ఇదే మొదటిసారి.

పంపింది: ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ 5ఈ ఈ0 03 ఎఫ్‌డీ
వచ్చింది: ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ 5ఈ ఈ0 03 ఎఫ్‌డీ ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ ఈ0 5ఈ 03 00 50 08 07 00 ఎఫ్‌డీ

డిస్‌ప్లేలో 7.085 ఉంది. ఒక్కోసారి 17 బైట్లు వస్తున్నాయి, ఒక్కోసారి 6, ఇంకోసారి 3. ఐదు బైట్లు వదిలేసి తర్వాతి ఐదింటిని ఫ్రీక్వెన్సీ అనుకుంటే ఏదో పొంతన లేని సంఖ్య వస్తోంది. పైగా 50 ఉన్న చోట పైథాన్ 80 చూపిస్తోంది. కేబుల్ పాడైందా?

బిట్లమ్మ | హైదరాబాద్ | ఆదివారం రాత్రి 10:25

కేబుల్ బాగుంది. మీరు పెట్టిన ఆ 17 బైట్లలో ఒక్కటి కూడా తప్పు లేదు. అంత శుభ్రమైన డేటా చూసి చాలా సంతోషం వేసింది.

సీఐ-వీ, అంటే ఐకామ్ రిగ్గులు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి, ఒకే తీగ మీద నడుస్తుంది. మీరు పలికినా, రిగ్ పలికినా ఆ తీగ మీదే. కాబట్టి మీరు పంపిన మాట మీ చెవికి కూడా వినబడుతుంది. మొదటి ఆరు బైట్లు రిగ్ జవాబు కాదు, మీ ప్రశ్నే తిరిగి వచ్చింది. జవాబు ఏడో బైటు నుంచి మొదలు.

ఫ్రేమును, అంటే ఒక పూర్తి సందేశాన్ని, ఇలా చదవండి. రెండు ఎఫ్‌ఈలు మొదలు. తర్వాత ఎవరికి, ఆ తర్వాత ఎవరి నుంచి. 5ఈ మీ 718 అడ్రస్, ఈ0 కంప్యూటర్‌ది. మీ ప్రశ్నలో 5ఈ ముందుంది, జవాబులో ఈ0 ముందుంది. ఎవరికి అన్న చోట 5ఈ ఉంటే అది మీ ప్రతిధ్వని, వదిలేయండి. 03 అంటే ఫ్రీక్వెన్సీ చెప్పు అని. చివర ఎఫ్‌డీ.

ఇక మధ్యలో ఉన్న 00 50 08 07 00. ఇది బీసీడీ, ఒక్కో బైటులో రెండు అంకెలు. చిన్న స్థానాలు ముందొస్తాయి, కాబట్టి బైట్ల వరసను తిప్పాలి: 00 07 08 50 00. కలిపి రాస్తే 0007085000 హెర్ట్జ్, అంటే 7.085 మెగాహెర్ట్జ్. బైట్ల వరసనే తిప్పాలి, బైటు లోపలి రెండు అంకెలను తిప్పకూడదు. చాలామంది ఇక్కడే జారతారు.

50 దగ్గర 80 రావడానికి కారణం: పదహారుల లెక్కలో 50 అంటే పదుల లెక్కలో 80. పైథాన్ బైటును పదుల్లో చూపిస్తుంది. బైటును 16తో భాగిస్తే వచ్చే భాగఫలం మొదటి అంకె, శేషం రెండో అంకె. 80ని 16తో భాగించండి: 5, శేషం 0. అదే మీ 50.

ఉప్పుటేరు | సోమవారం రాత్రి 8:15

అక్కా, చాలా థ్యాంక్స్. తెర మీద 7085000 అని వచ్చేసరికి మామయ్యని పిలిచి చదివి వినిపించాను. అయితే ఇంకా నిలకడ లేదు. ప్రశ్న పంపి, సెకనులో ఐదో వంతు ఆగి, ఉన్నదంతా చదువుతున్నాను. పదిసార్లలో ఏడెనిమిది సార్లు బాగానే వస్తోంది. మిగతాసార్లు జవాబు సగంలో తెగుతోంది, ఆ మిగిలిన సగం తర్వాతి జవాబు ముందు అతుక్కుని వస్తోంది. ఆగే సమయం పెంచితే తగ్గుతోంది కానీ పూర్తిగా పోవడం లేదు.

పాతరిసీవర్ | విజయవాడ | సోమవారం రాత్రి 9:05

బాబూ, ఆగే సమయం పెంచుకుంటూ పోతే ఈ జబ్బు తగ్గదు. టెలికాం శాఖలో పనిచేసిన రోజుల్లో టెలీప్రింటర్ లైన్ల మీద మేం నేర్చుకున్న మొదటి సంగతి ఇదే. సీరియల్ లైను ఉత్తరాలు తెచ్చి ఇవ్వదు, ఒక్కో అక్షరమే తెస్తుంది. ఉత్తరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేల్చుకోవాల్సింది మనమే.

గేటు దగ్గర నిలబడి గూడ్సు బండిని చూస్తున్నామనుకో. కళ్లు తెరిచేసరికి బండి మధ్యలో ఉండొచ్చు. ఇంజను వచ్చేదాకా ఆగి, అక్కడి నుంచి బోగీలు లెక్కపెట్టి, గార్డు పెట్టె కనబడ్డాక ఒక బండి అయిందని రాసుకోవాలి. నీ ఇంజను రెండు ఎఫ్‌ఈలు, గార్డు పెట్టె ఎఫ్‌డీ. మధ్యలో కనబడ్డ బోగీలను బండి అనుకోకు.

ప్రోగ్రామ్‌లో ఒక ఖాళీ డబ్బా పెట్టుకో. ఎన్ని బైట్లు వస్తే అన్ని దానిలో వెయ్యి, మూడు వచ్చినా సరే, పదిహేడు వచ్చినా సరే. వేసిన ప్రతిసారీ ఎఫ్‌డీ ఉందేమో చూడు. ఉంటే అక్కడిదాకా కోసి తియ్యి. కోసిన ముక్కలో రెండు ఎఫ్‌ఈల కంటే ముందున్నది పారెయ్యి. మిగిలింది ఒక ఫ్రేము. ఎఫ్‌డీ తర్వాత మిగిలినవి డబ్బాలోనే ఉండనివ్వు, అవి తర్వాతి బండివి. ఎక్కడా నిద్రపోయే అవసరం రాదు.

ఫ్రీక్వెన్సీ బైట్ల మధ్య ఎఫ్‌డీ వస్తుందేమోనని భయం అక్కర్లేదు. బీసీడీలో 0 నుంచి 9 దాకా అంకెలే ఉంటాయి, ఎఫ్ అన్నది రాదు. ఆ పద్ధతి పెట్టినవాళ్లు ఎంత ఆలోచించి పెట్టారో అనిపిస్తుంది నాకు.

దూరతరంగం | డాలస్ | సోమవారం రాత్రి 11:30

పాతరిసీవర్ గారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. ఒక బైటు తీగ మీద వెళ్లేటప్పుడు మొదటి బిట్టు, 8 డేటా బిట్లు, ఆపే బిట్టు, మొత్తం 10. 9600 వేగంలో ఒక బైటుకి ఒక మిల్లీసెకను పైచిలుకు. 11 బైట్ల జవాబుకి దాదాపు 11.5 మిల్లీసెకన్లు. అదే 1200లో అయితే 92. దీని మీద యూఎస్‌బీ చిప్ ఆలస్యం ఒకటి. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్‌లలో బైట్లను పోగేసి పంపే సమయం మామూలుగా 16 మిల్లీసెకన్లు ఉంటుంది, లినక్స్‌లో దాన్ని 1కి తగ్గించుకోవచ్చు. కాబట్టి ఎప్పుడు చదివినా ఎక్కడో ఒకచోట తెగడం సహజం.

నాదొక ప్రశ్న, తప్పుగా అనుకోవద్దు. ఇదంతా హామ్‌లిబ్ అనే రెడీమేడ్ లైబ్రరీలో ఉంది కదా? ఐసీ-718తో పాటు ఎన్నో రిగ్గులు దానికి తెలుసు. దానిలోని రిగ్‌సీటీఎల్‌డీ అనే ప్రోగ్రామ్ నడిపి, 4532 పోర్టులో చిన్న f అని పంపితే ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లో వచ్చేస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఎంతోమంది పరీక్షించిన కోడ్ అది. మామయ్య గారికి తొందరగా పని జరగడం ముఖ్యం అనిపిస్తోంది నాకు.

బిట్లమ్మ | మంగళవారం ఉదయం 7:10

దూరతరంగం గారూ, నేనూ హామ్‌లిబ్ వాడతాను, దాని మీద గౌరవం ఉంది. కానీ ఈ పనికి సొంతంగా రాయడమే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే ఇక్కడ అడిగే పనే అక్కర్లేదు.

718లో సీఐ-వీ ట్రాన్సీవ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే, డయల్ తిప్పిన ప్రతిసారీ రిగ్ తనంతట తానే చెబుతుంది: ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ 00 5ఈ 00, ఐదు ఫ్రీక్వెన్సీ బైట్లు, ఎఫ్‌డీ. ఎవరికి అన్న చోట 00 ఉందంటే అందరికీ అని. మామయ్య గారు డయల్ ముట్టుకున్నప్పుడే ప్రోగ్రామ్ మేల్కొంటే చాలు, మిగతా సమయమంతా వింటూ కూర్చుంటుంది. సెకనుకి పదిసార్లు అడిగితే ఆ ఒక్క తీగ మీద రిగ్ మాట, మన మాట గుద్దుకుని రెండూ చెడిపోతాయి.

ఉప్పుటేరు, ఒక జాగ్రత్త. రిగ్‌లో సీఐ-వీ వేగం ఆటోలో ఉంటే 9600 అని నిలిపి పెట్టండి. ఆటోలో రిగ్ మన వేగాన్ని విని పట్టుకుంటుంది. మనం నోరు మెదపకుండా వింటూనే ఉంటే అది కుదరకపోవచ్చు.

దూరతరంగం | మంగళవారం ఉదయం 8:45

ట్రాన్సీవ్ సంగతి ఒప్పుకుంటున్నాను, ఈ పనికి అదే సరైనది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రేపు అదే రిగ్‌కి లాగింగ్ ప్రోగ్రామో, ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ కోసం డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రామో పెడితే, రెండు ప్రోగ్రాములు ఒకే సీరియల్ పోర్టును పంచుకోలేవు. విండోస్ రెండోదాన్ని తెరవనివ్వదు. లినక్స్ తెరవనిస్తుంది గానీ బైట్లు కొన్ని అటు, కొన్ని ఇటు చీలిపోతాయి. ఆ రోజు వస్తే మధ్యలో రిగ్‌సీటీఎల్‌డీ పెట్టుకోండి.

ఓరుగల్లు_వైర్ | వరంగల్ | మంగళవారం సాయంత్రం 6:20

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నా దగ్గర యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-817 రిగ్ ఉంది. ఇదంతా చదివి నేనూ మొదలుపెట్టాను. కానీ దీని జవాబులో ఇంజనూ లేదు, గార్డు పెట్టే లేదు. 00 00 00 00 03 పంపితే 01 40 74 00 01 వచ్చింది, అంతే. బండి ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది?

బిట్లమ్మ | మంగళవారం రాత్రి 9:50

మంచి ప్రశ్న. 817లో ప్రతి ఆజ్ఞా సరిగ్గా ఐదు బైట్లే, చివరిది ఆజ్ఞ సంఖ్య. 03కి జవాబు కూడా ఐదు బైట్లే. హద్దులు చెప్పే గుర్తులు లేవు కాబట్టి క్రమశిక్షణ మనం పాటించాలి. అడిగే ముందు పాత బైట్లు ఏవైనా మిగిలి ఉంటే ఖాళీ చేయండి. అడగండి. ఐదు వచ్చేదాకా చదవండి, అర సెకనులో ఐదూ రాకపోతే వచ్చినవన్నీ పారేసి మళ్లీ అడగండి. జవాబు రాకముందే రెండోసారి అడగొద్దు.

మొదటి నాలుగు బైట్లు ఫ్రీక్వెన్సీ. ఇక్కడ పెద్ద స్థానాలే ముందు, తిప్పక్కర్లేదు, లెక్క 10 హెర్ట్జ్‌లలో. 01407400ని 10తో గుణిస్తే 14.074 మెగాహెర్ట్జ్. ఐదోది మోడ్, అంటే మాటను తరంగం మీద ఎక్కించే తీరు: 00 ఎల్ఎస్‌బీ (డయల్ సంఖ్యకి కింది వైపు), 01 యూఎస్‌బీ (పై వైపు, కేబుల్ యూఎస్‌బీ కాదు), 02 సీడబ్ల్యూ (మోర్స్), 04 ఏఎం, 08 ఎఫ్ఎం. వచ్చిన జవాబును వెంటనే నమ్మకండి. అంకెల్లో 9 దాటింది ఉందా, ఫ్రీక్వెన్సీ రిగ్ పరిధిలో ఉందా, మోడ్ తెలిసినదేనా అని చూడండి. మూడూ సరిపోతేనే తీసుకోండి. తప్పును పట్టిచ్చే చెక్‌సమ్ లేని చోట ఈ మూడు ప్రశ్నలే మన కాపలా. సీరియల్ సెట్టింగులో ఆపే బిట్లు రెండు పెట్టాలి, మరిచిపోవద్దు.

ఇంకొక్క మాట గట్టిగా చెబుతున్నాను: మాన్యువల్‌లో లేని ఆజ్ఞలు పంపి చూడొద్దు. 817లో లోపలి ఈఈప్రామ్ అనే మెమరీని మార్చేవి ఉన్నాయి. అందులో రిగ్ అమరికలు ఉంటాయి, చెడితే మామూలుగా తిరిగి రావు.

దూరతరంగం | మంగళవారం రాత్రి 11:15

పంపడం గురించి మాట వచ్చింది కాబట్టి ఇది ఇప్పుడే రాయాలి. అందరూ చదవండి.

సీరియల్ పోర్టు తెరవగానే డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే రెండు లైన్లు పైకి లేస్తాయి. చాలా ఇంటర్‌ఫేసుల్లో ఆర్‌టీఎస్‌ని ట్రాన్సిస్టర్ గుండా పీటీటీకి, అంటే రిగ్‌ని ట్రాన్స్‌మిట్‌లోకి మార్చే మీటకి, కలుపుతారు. కొత్త రిగ్గుల్లో యూఎస్‌బీ నుంచే ఆ పని చేసే సెట్టింగు ఉంటుంది. నేనొకసారి రాత్రి చదవడానికి మాత్రమే రాసిన చిన్న ప్రోగ్రామ్ మొదలుపెట్టి కాఫీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి రిగ్ ట్రాన్స్‌మిట్‌లో ఉంది, వెనక భాగం చెయ్యి పెట్టలేనంత వేడి. నా కోడ్‌లో పంపే వాక్యం ఒక్కటి కూడా లేదు. పోర్టు తెరవడమే సరిపోయింది.

పైథాన్ సీరియల్ లైబ్రరీ అయిన పైసీరియల్‌లో పోర్టు పేరు ఇవ్వకుండా ముందు వస్తువును తయారుచేసి, డీటీఆర్, ఆర్‌టీఎస్ రెండూ వద్దని చెప్పి, ఆ తర్వాతే పేరు ఇచ్చి తెరవండి. లినక్స్‌లో అప్పుడు కూడా క్షణకాలం లేచి పడే వీలుంది. అందుకే రాసేటప్పుడు పీటీటీ తీగ పీకేయండి, యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (సిగ్నల్ బయటికి పోకుండా మింగేసేది) పెట్టండి. ఉప్పుటేరు, మీ మామయ్య గారికి ట్రాన్స్‌మిట్ లైటు కనబడదు. మీ విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఉప్పుటేరు | బుధవారం రాత్రి 10:30

సర్, ఇది చదివాక వెంటనే చూశాను. నా కేబుల్ ఒక్క రిమోట్ జాక్‌కే వెళ్తోంది, పీటీటీ తీగ లేదు. అయినా రెండు లైన్లూ ముందే ఆపేశాను.

డబ్బా పద్ధతి పెట్టాక ఒక్క ఫ్రేము కూడా తెగలేదు. గంటసేపు వచ్చిన ప్రతి బైటునూ ఫైలులో దాచి, మళ్లీ దాని మీదే ప్రోగ్రామ్ నడిపి చూశాను. రిగ్ ఆపేసి ఉన్నా పరీక్షించుకోవచ్చు, రాత్రిపూట మామయ్యని లేపక్కర్లేదు.

కొత్త సమస్య. మామయ్య మైక్ నొక్కి మాట్లాడితే ఒక్కోసారి యూఎస్‌బీ ఊడిపోయి మళ్లీ తగులుకుంటోంది. ముందు ttyUSB0 అని ఉన్న పోర్టు పేరు ttyUSB1 అయిపోతోంది, ప్రోగ్రామ్ ఆగిపోతోంది. తక్కువ పవర్‌లో రాదు, 100 వాట్లలో వస్తుంది.

పాతరిసీవర్ | గురువారం ఉదయం 6:30

యాంటెన్నా నుంచి ఆర్ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) కేబుల్ ఎక్కి వస్తోంది. యూఎస్‌బీ కేబుల్ రెండు చివరలా ఫెర్రైట్ కోర్లు పెట్టు. ఊరికే తొడిగితే చాలదు, తీగను కోర్‌లోంచి నాలుగైదు చుట్లు తిప్పు. కేబుల్ వీలైనంత పొట్టిది వాడు. యాంటెన్నా ఫీడ్ పాయింట్ (తీగ కలిసే చోటు) దగ్గర బాలన్ (ఆ శక్తి తీగ మీదుగా వెనక్కి రాకుండా ఆపేది) ఉందా లేదా అని మామయ్య గారిని అడుగు. లేకపోతే అసలు వైద్యం అక్కడ.

పోర్టు పేరు కోసం, లినక్స్‌లో ‘బై ఐడీ’ అనే ఫోల్డర్‌లో కేబుల్ సొంత గుర్తుతో ఒక పేరు ఉంటుంది, అది మారదు. దాన్ని వాడు. ఊడినప్పుడు ప్రోగ్రామ్ చచ్చిపోకుండా, రెండు సెకన్లు ఆగి మళ్లీ తెరిచేలా రాయి. డబ్బా ఖాళీ చేయడం మర్చిపోకు, పాత సగం బండి దానిలో మిగిలి ఉంటుంది.

ఉప్పుటేరు | శనివారం రాత్రి 9:20

కోర్లు పెట్టాం, పొట్టి కేబుల్ మార్చాం. రెండు రోజులుగా ఒక్కసారి కూడా ఊడలేదు.

ఇక పలికించడం. మొదట ఈస్పీక్ అనే పలికే ప్రోగ్రామ్‌తో తెలుగు పలికించాను. అంకెలు అర్థమవుతాయి కానీ రిసీవర్ గోల మీద వినడం కష్టమని మామయ్య అన్నారు. అందుకని అత్తయ్య గొంతుతో సున్నా నుంచి తొమ్మిది దాకా రికార్డు చేశాను. ఇన్నేళ్లూ ఆ అంకెలు ఆయన విన్నది ఆవిడ గొంతులోనే కదా.

డయల్ తిరుగుతున్నంతసేపూ ఫ్రేములు వరసగా వస్తాయి. ప్రతిదాన్నీ పలికితే ఆయన ఆపిన తర్వాత కూడా ప్రోగ్రామ్ పాత అంకెలే చదువుతూ ఉంటుంది. అందుకని చివరి ఫ్రేము వచ్చాక 400 మిల్లీసెకన్లు నిశ్శబ్దంగా ఉంటేనే పలుకుతోంది. చదువుతుండగా డయల్ మళ్లీ కదిలితే మధ్యలోనే ఆపేస్తుంది. మొదట ‘ఏడు పాయింట్ సున్నా ఎనిమిది ఐదు సున్నా సున్నా సున్నా’ అని మొత్తం చదివించాను. మామయ్య వద్దన్నారు. ‘బ్యాండ్ ఏదో నాకు చెవికే తెలుస్తుంది, కిలోహెర్ట్జ్ చెప్పు చాలు’ అన్నారు. ఇప్పుడు ‘సున్నా ఎనిమిది ఐదు’ అంటోంది. బ్యాండ్ మారినప్పుడు మాత్రమే మొదట ఏడు అనో, పద్నాలుగు అనో చెబుతుంది.

బ్యాండ్ అంచులో హెచ్చరిక పెట్టమంటారా?

పాతరిసీవర్ | శనివారం రాత్రి 9:55

తప్పకుండా పెట్టు. మన దేశంలో 40 మీటర్లు 7.000 నుంచి 7.200 దాకా. అంచు సంఖ్యను నేరుగా పెట్టేయకు. ఎల్ఎస్‌బీలో మన మాట డయల్ సంఖ్య కంటే దాదాపు 3 కిలోహెర్ట్జ్ కిందికి పరుచుకుంటుంది. డయల్ 7.001 మీద ఉంటే మాట బ్యాండ్ బయటికి పోతుంది. కాబట్టి ఎల్ఎస్‌బీలో 7.003 కింద, యూఎస్‌బీ మోడ్‌లో పై అంచుకి 3 కిలోహెర్ట్జ్ లోపల హెచ్చరించాలి. దానికి మోడ్ కూడా తెలియాలి. నీ 718కి 04 ఆజ్ఞ పంపితే చెబుతుంది, 00 ఎల్ఎస్‌బీ, 01 యూఎస్‌బీ, 02 ఏఎం, 03 సీడబ్ల్యూ.

మాట వద్దు, చిన్న బీప్ చాలు. మాట్లాడబోయే మనిషికి అడ్డు రాకూడదు.

ఓరుగల్లు_వైర్ | ఆదివారం ఉదయం 8:05

నా 817 కూడా పలికింది. రెండు ఆపే బిట్లు పెట్టాకే జవాబులు నిలకడగా వచ్చాయి. ఉప్పుటేరు అన్నా, బైట్లు దాచిన ఆ ఫైలు ఇక్కడ పెడతారా? నా దగ్గర ఐకామ్ లేదు, కానీ దాని మీద డబ్బా పద్ధతి రాసి నేర్చుకుంటాను.

ఉప్పుటేరు | ఆదివారం రాత్రి 10:45

ఫైలు జతచేశాను తమ్ముడూ. 7.085 నుంచి 7.110 దాకా మామయ్య తిప్పిన డయల్ అంతా అందులో ఉంది.

ఈ రోజు సాయంత్రం అత్తయ్య గుడికి వెళ్లింది. మామయ్య ఒక్కరే రిగ్ ఆన్ చేసి, సున్నా తొమ్మిది సున్నాకి వెళ్లి, బెంగళూరులో పాత మిత్రుడితో ఇరవై నిమిషాలు మాట్లాడారు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. అత్తయ్య వచ్చాక ఆయన చెప్పిన మొదటి మాట, ఆవిడ రికార్డు చేసిన ‘తొమ్మిది’ మరీ నెమ్మదిగా ఉందని. రేపు ఉదయం ఆ ఒక్కటీ మళ్లీ రికార్డు చేస్తున్నాం. 73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).